అలల్లో విండ్‌సర్ఫింగ్ మొదలుపెట్టేవాళ్లకి గాలి ఏ కోణంలో రావాలి?

నైరుతి_పెర్త్
అందరికీ నమస్తే. నేను ఉండేది ఆస్ట్రేలియా పడమటి తీరంలోని పెర్త్‌లో. స్వాన్ నదిలో వాటర్‌స్టార్ట్ (నీళ్లలోంచి గాలి సాయంతో బోర్డు ఎక్కడం), హార్నెస్ (ఒంటికి కట్టుకుని బూమ్‌కి తగిలించే పట్టీ), రెండు ఫుట్‌స్ట్రాప్‌లూ (బోర్డు మీద పాదం దూర్చే పట్టీలు) వచ్చేశాయి. జైబ్, అంటే గాలి వీపున పెట్టుకుని తిరిగే మలుపు, ఇంకా సరిగ్గా కుదరలేదు. ఈ వేసవిలో సముద్రంలో చిన్న అలల్లోకి దిగాలనుంది. బరువు 76 కిలోలు, బోర్డు 102 లీటర్ల ఫ్రీవేవ్ (చదును నీళ్లకీ చిన్న అలలకీ పనికొచ్చే రకం), సెయిల్స్ 5.0, 5.7 చదరపు మీటర్లు.
నదిలో గాలి ఎటు నుంచి వచ్చినా ఎలాగోలా నడిచిపోయేది. సముద్రం దగ్గర మాత్రం ఎవర్ని అడిగినా "ముందు గాలి దిక్కు చూడు" అంటున్నారు. ఫోర్‌కాస్ట్‌లో ఎస్‌ఎస్‌డబ్ల్యూ (దక్షిణ నైరుతి) 18 నాట్స్ అని ఉంటే స్కార్‌బరో బీచ్‌కి అది మంచిదా, కాదా? లెక్క ఎలా వేయాలో ఎవరైనా విడమరిచి చెప్తారా?

తెరచాప
దిక్కు ఒక్కటే చూస్తే ఏమీ తేలదండీ. దాన్ని మీ తీరం ముఖంతో కలిపి చూడాలి.
ముందు మ్యాప్ తెరిచి ఒడ్డు గీతకి సరిగ్గా లంబంగా సముద్రం వైపు ఒక గీత గీయండి. ఆ గీత ఎన్ని డిగ్రీలు చూపిస్తే అదే మీ తీరం ముఖం. ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. స్కార్‌బరో ముఖం సుమారు 260 అనుకుందాం. గాలి పేరు ఎప్పుడూ అది పుట్టి వచ్చే దిక్కుది. ఎస్‌ఎస్‌డబ్ల్యూ అంటే సుమారు 200 డిగ్రీల నుంచి వస్తోందని. రెండింటి తేడా 60.
తేడా 0 అయితే గాలి నేరుగా ఒడ్డు మీదికి వస్తున్నట్టు, అంటే ఆన్‌షోర్. 45 దగ్గర సైడ్ ఆన్. 90 అయితే ఒడ్డు వెంబడి వీచే సైడ్‌షోర్. 135 సైడ్ ఆఫ్, 180 నేరుగా నేల మీంచి సముద్రంలోకి పోయే ఆఫ్‌షోర్.
మొదటిసారి అలల్లోకి వెళ్లేవారికి 60 నుంచి 90 మధ్య ఏదైనా మంచిదే. నన్ను అడిగితే 70, 75 అన్నిటికన్నా మంచిది. బయటికి వెళ్లడం తేలిక. ఏదైనా విరిగినా గాలే మిమ్మల్ని మెల్లగా ఒడ్డుకి చేరుస్తుంది. మీరడిగిన 200 ఆ హద్దులో అంచున ఉంది. పనికొస్తుంది.

నైరుతి_పెర్త్
లెక్క అర్థమైంది, థాంక్స్ అండీ. కానీ 60 దగ్గరే గీత ఎందుకు గీశారు? 45 అయితే ఏం తేడా వస్తుంది?

తెరచాప
విండ్‌సర్ఫర్ గాలికి ఎదురుగా పోలేదు కదా. ఫ్రీవేవ్ బోర్డు మీద ప్లేనింగ్ (బోర్డు నీళ్ల పైన జారే వేగం) పోకుండా గాలికి ఎంత దగ్గరగా వెళ్లగలం అంటే, మొదలుపెట్టేవారికి సుమారు 60 డిగ్రీలు. అంతకన్నా దగ్గరికి తిప్పితే బోర్డు చచ్చుబడుతుంది, అడుగున ఉండే ఫిన్ పట్టు వదిలేస్తుంది.
ఒడ్డు నుంచి నేరుగా సముద్రంలోకి పోవాలంటే మీ దారికీ గాలికీ మధ్య ఉండే కోణం పైన లెక్కేసిన తేడాయే. తేడా 60 ఉంటే ముక్కు నేరుగా అల మీదికి పెట్టి ప్లేనింగ్‌లోనే పోవచ్చు. 40 మాత్రమే ఉంటే ఆ కోణంలో బోర్డు పోదు. 20 డిగ్రీలు దిగువకి, అంటే గాలి పోయే వైపుకి, తిప్పుకుని ఏటవాలుగా పోవాలి. ఆ లెక్కన ఒడ్డు నుంచి 200 మీటర్లు లోపలికి వెళ్లేసరికి ఒడ్డు వెంబడి సుమారు 73 మీటర్లు దిగువకి జారిపోతారు. మధ్యలో రెండుసార్లు పడి లేస్తే, దానికి ప్రవాహం కూడా తోడైతే, బయల్దేరిన చోటు కనుచూపు మేరలో ఉండదు.
ఇంకోటి, ఏటవాలుగా పోతుంటే నురుగు బోర్డు ముక్కుకి కాకుండా పక్కకి తగులుతుంది. కొత్తవాళ్లు పడేది ఎక్కువగా అక్కడే.

ఉప్పుగాలి
తెరచాప గారితో నాకు కొంచెం తేడా ఉంది. మొట్టమొదటి రెండు మూడు సార్లకి 45 దగ్గర సైడ్ ఆన్‌లో దిగమనే నేను చెప్తాను. అల మోకాలి ఎత్తు ఉన్నప్పుడు మాత్రమే. మాస్ట్ ఫుట్ (సెయిల్ నిలబెట్టే కర్రని బోర్డుకి కలిపే ముక్క) ఊడినా, చేతులు అలిసిపోయినా గాలీ అలా రెండూ ఒడ్డుకే నెడతాయి. సైడ్‌షోర్‌లో అదే జరిగితే ఒడ్డుకి సమాంతరంగా కొట్టుకుపోతారు. అక్కడ రాళ్లో, జెట్టీయో, గ్రాయినో (ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన గోడ) ఉంటే పని పాడవుతుంది.
సైడ్ ఆన్‌లో ఇంకో లాభం ఉంది. ఒడ్డున ముఖానికి తగిలిన గాలి, 150 మీటర్ల లోపల ఉన్న గాలి దాదాపు ఒకటే. సెయిల్ ఏది కట్టాలో అంచనా తప్పదు. సైడ్ ఆఫ్‌లో ఇసుక దిబ్బల చాటున నిలబడి 12 నాట్స్ అనుకుని 5.7 కడతారు. అలలు దాటేసరికి 20 ఉంటుంది.

లంగరు
ఇద్దరూ చెప్పింది సరైనదే, కాకపోతే వేర్వేరు అలలకి. అల మోకాలి ఎత్తున ఉంటే ఉప్పుగాలి గారి 45 నడుస్తుంది. నడుము ఎత్తుకి వచ్చాక 45 డిగ్రీల గాలిలో కొత్తవాళ్లు అసలు బయటికే వెళ్లలేరు. కారణం ఇది. గాలి సముద్రం వైపు నుంచి వస్తున్నప్పుడు అల ముందు భాగం గాలికి చాటవుతుంది. సరిగ్గా నురుగు తగలబోయే రెండు సెకన్లలో సెయిల్‌లో బలం తగ్గుతుంది. బోర్డు నెమ్మదిస్తుంది, నురుగు దాన్ని ఆపేసి వెనక్కి నెడుతుంది. వాటర్‌స్టార్ట్ తీసుకునేలోగా ఇంకో అల వస్తుంది. ఇలా అరగంట పోరాడితే మిగిలేది అలసటే.
సైడ్‌షోర్‌లో గాలి అల పొడుగునా నడుస్తుంది కాబట్టి ఆ చాటు ఉండదు. అల ముందూ, అల మీదా, అల వెనకా సెయిల్ ఒకేలా లాగుతుంది.
సైడ్ ఆన్‌లోనే దిగాల్సి వస్తే ఒక పద్ధతి ఉంది. దిగువకి తిప్పి వేగం తీసుకోండి. నురుగు ఇంకో బోర్డు పొడవు దూరంలో ఉందనగా ముక్కుని గాలి వైపు తిప్పి అలకి ఎదురు పెట్టండి. దాటగానే మళ్లీ దిగువకి తిప్పి బలం తెచ్చుకోండి. ఈ తిప్పడం ఒకటి రెండు సెకన్ల పనే. ఎక్కువసేపు గాలి వైపు ఉంచితే బోర్డు ఆగిపోతుంది.

భీమిలి_బోర్డు
పెర్త్ సంగతి సరే, మన విశాఖ తీరానికి ఈ లెక్క ఎలా వేయాలి? రుషికొండ నుంచి భీమిలి వరకు సముద్రం మనకి ఆగ్నేయంలో ఉంటుంది కదా. నైరుతి రుతుపవనాల గాలి సైడ్‌షోర్ అవుతుందా?

తెరచాప
అవుతుంది బ్రదర్. విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ముఖం సుమారు 135 అనుకోండి. నైరుతి గాలి 225. తేడా 90, అచ్చమైన సైడ్‌షోర్. సముద్రం వైపు తిరిగి నిలబడితే గాలి కుడి చెవికి తగులుతుంది. ఎండాకాలం సాయంత్రాలు దక్షిణం నుంచి వచ్చే పైరగాలి 180, అంటే తేడా 45, సైడ్ ఆన్.
గాలి పడమరకి మళ్లి 250కి వెళ్లిందంటే తేడా 115 అవుతుంది. అది నేల మీంచి వచ్చే గాలి. కొండలూ మేడలూ దాటి వస్తుంది కాబట్టి విసురు విసురుగా ఉంటుంది, ఒక నిమిషం ఏమీ ఉండదు, తర్వాతి నిమిషం చేతుల్లోంచి బూమ్ (సెయిల్‌ని పట్టుకునే అడ్డకర్ర) లాగేస్తుంది. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి లాంటి కొండలకి గాలి దిగువన ఉన్న ఇసుకలో నిలబడి గాలి బలం అంచనా వేయకూడదు.
రుతుపవనాల కాలంలో అక్కడ ప్రవాహం కూడా ఈశాన్యం వైపే లాగుతుంది. గాలీ ప్రవాహమూ ఒకే వైపు. బయల్దేరే చోటు నుంచి ఈశాన్యంగా కనీసం 500 మీటర్ల మేర రాళ్లు లేని ఇసుక ఒడ్డు ఉండాలి. అయితే జూన్ నుంచి ఆగస్టు వరకు ఆ తీరంలో ఒడ్డున విరిగే కెరటం, రిప్ కరెంట్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహం) కొత్తవాళ్లకి తగినవి కావు. కోణం ఎంత బాగున్నా సరే. పైరగాలి మొదలయ్యే రోజుల్లో, అల నడుము లోపు ఉన్నప్పుడు చూడండి. వలలూ, లాగిపెట్టిన పడవలూ ఉన్న చోట దిగొద్దు. ఏ చోట తాళ్లు ఉన్నాయో, అడుగున రాయి ఎక్కడుందో అక్కడి జాలరుల్ని అడిగితే కచ్చితంగా చెప్తారు.

పోటుపాటు
దీనికి ఒక విషయం కలపాలి, పెర్త్‌కీ విశాఖకీ రెండింటికీ పనికొస్తుంది. సముద్రపు గాలి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఒకే దిక్కున ఉండదు. భూమి తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో అది గడియారం ముల్లు తిరిగే వైపుకి, దక్షిణార్ధగోళంలో దానికి ఎదురుగా మెల్లగా తిరుగుతుంది. విశాఖలో ఆగ్నేయంగా మొదలైంది దక్షిణానికి, ఆ తర్వాత నైరుతికి జరుగుతుంది. పెర్త్‌లో నైరుతిగా మొదలైంది దక్షిణం వైపు జరుగుతుంది. రెండు చోట్లా ఫలితం ఒకటే. మొదట్లో ఒడ్డు మీదికి కొడుతుంది, పొద్దు వాలేకొద్దీ సైడ్‌షోర్ అవుతుంది.
స్కార్‌బరోలో ఒంటిగంటకి 220 ఉంటే తేడా 40. నాలుగున్నరకి 190 అయితే తేడా 70. అదే బీచ్, అదే రోజు, కానీ ఒంటిగంటకి అలలు దాటలేక ఒడ్డున కూర్చున్నవాళ్లే నాలుగున్నరకి హాయిగా వెళ్లొస్తారు. కాబట్టి రోజుకి ఒక దిక్కు అనుకోకుండా గంట గంటకీ డిగ్రీలు చూడాలి.

నైరుతి_పెర్త్
ఇది నిజంగా కొత్త విషయం నాకు. మరి ఫ్రీమాంటిల్ డాక్టర్ (వేసవి మధ్యాహ్నాలు పెర్త్‌ని చల్లబరిచే సముద్రపు గాలికి ఇక్కడి పేరు) వస్తుందా రాదా అన్నది ఉదయమే తెలుసుకునే వీలుందా?

పోటుపాటు
చాలావరకు ఉంది. పెర్త్‌లో వేసవి ఉదయం గాలి తూర్పు నుంచి, అంటే నేల మీంచి వస్తుంది. తీరం వెంబడి ఉత్తర దక్షిణాలుగా ఒక అల్పపీడన ద్రోణి ఉంటుంది. అది సముద్రం మీద నిలబడిపోతే తూర్పు గాలి వదలదు, ఊరు 40 డిగ్రీలకి ఉడుకుతుంది, డాక్టర్ ఆలస్యంగా వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. ద్రోణి లోపలికి, నేల మీదికి జరిగిందంటే డాక్టర్ తొందరగా, గట్టిగా వస్తుంది.
వాతావరణ శాఖ పరిశీలనల పేజీలో రాట్‌నెస్ట్ దీవి, స్వాన్‌బోర్న్ రెండూ పక్కపక్కన పెట్టుకోండి. రాట్‌నెస్ట్ ఒడ్డుకి దాదాపు 18 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ గాలి తూర్పు నుంచి నైరుతికి మారి 15 నాట్స్ దాటిందంటే, ఒడ్డున ఇంకా ఉక్కపోతగా ఉన్నా సామాను కారులో వేసుకోవచ్చు.
అక్కడ రాసే వేగం 10 మీటర్ల ఎత్తున, 10 నిమిషాల సగటు. విసురు అంకె పక్కన వేరేగా ఉంటుంది. సగటు 17, విసురు 20 అంటే నిలకడైన గాలి. సగటు 14, విసురు 24 అంటే ఆ గాలి నేల తాకి వస్తోందన్న అనుమానం ఉండాలి. దిక్కు మళ్లీ చూడండి.

రెక్కలచేప
తూర్పు గాలి మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెప్తున్నాను. ఉదయం ఎనిమిదికి ఒడ్డున నిలబడితే సముద్రం అద్దంలా ఉంటుంది, అలలు నీట్‌గా నిలబడి విరుగుతాయి, ఒడ్డు దగ్గర గాలి 10 నాట్స్‌కి మించినట్టు అనిపించదు. కొత్తవాళ్లకి ఇంతకన్నా మంచి సమయం లేదనిపిస్తుంది. అది ఆఫ్‌షోర్. తేడా 150 నుంచి 180. 300 మీటర్లు పోయేసరికి గాలి రెట్టింపు అవుతుంది. అక్కడ మాస్ట్ కింద ఉండే యూనివర్సల్ జాయింట్ తెగితే తర్వాతి ఒడ్డు ఆఫ్రికా. దిక్కులో తూర్పు అన్న మాట ఏ రూపంలో ఉన్నా పడమటి తీరంలో దిగొద్దు. స్వాన్ నదికి వెళ్లండి.
110 దాటిన ఏ తేడా అయినా కొత్తవాళ్లకి వద్దనే నా మాట. ఫోటోల్లో అనుభవజ్ఞులు సైడ్ ఆఫ్‌లోనే అందంగా అల మీద జారుతుంటారు. వాళ్ల దగ్గర వెనక్కి వచ్చే నైపుణ్యం ఉంది, పక్కన చూసే మనిషి ఉన్నాడు.

ఉప్పుగాలి
ఒప్పుకుంటున్నాను. ఒకవేళ ఎవరైనా అలా ఇరుక్కుంటే చేయాల్సింది: బోర్డుని వదలొద్దు. అది తేలుతుంది, దూరం నుంచి కనిపిస్తుంది. ఈది వస్తానని వదిలేసినవాళ్లే దొరకరు. రిగ్ (సెయిల్, మాస్ట్, బూమ్ అన్నీ కలిపి) చెడిపోయి గాలి బయటికి నెడుతుంటే మాస్ట్ బేస్ నుంచి రిగ్ విడదీసి వదిలేయండి, బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డేయండి. రెండు చేతులూ చాపి పైకీ కిందకీ నెమ్మదిగా ఊపడం సాయం కోరే సంకేతం. దిగేముందు ఒడ్డున ఒకరికి ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పండి. ఆ టైమ్ దాటితే వాళ్లు 000కి (ఆస్ట్రేలియా అత్యవసర నంబర్) ఫోన్ చేస్తారు.

నైరుతి_పెర్త్
అర్థమైందండీ. ఇప్పుడు ఒడ్డు దగ్గర పని గురించి అడుగుతాను. గాలి ఎడమ వైపు నుంచి, అల ఎదురుగా. బోర్డు ఎటు పట్టుకోవాలి, ఎప్పుడు ఎక్కాలి?

లంగరు
మీ తీరంలో సముద్రం వైపు తిరిగితే గాలి ఎడమ నుంచి. కాబట్టి మీరు బోర్డుకి ఎడమ పక్కన, అంటే గాలి ఎగువన నిలబడాలి. ఎడమ చేయి బూమ్ మీద మాస్ట్‌కి దగ్గరగా, కుడి చేయి వెనక ఫుట్‌స్ట్రాప్‌లో. మాస్ట్ గాలి వైపు, క్లూ (సెయిల్ వెనక మూల) దిగువన. గాలి ముందు మాస్ట్‌ని తాకాలి. క్లూ వైపు నుంచి సెయిల్ కిందికి దూరిందంటే రిగ్ మొత్తం తిరగబడి మీ మీద పడుతుంది.
బయటికి పోయేటప్పుడు ఎడమ చేయి ముందు, అది పోర్ట్ టాక్ (గాలి ఎడమ నుంచి తగిలే నడక). తిరిగొచ్చేటప్పుడు స్టార్‌బోర్డ్. విశాఖలో నైరుతి గాలికి ఇది తారుమారు అవుతుంది. నదిలో ఏ టాక్ మీ చేతికి బలహీనమో మీకే తెలుసు. ఆ టాక్ మీద బీచ్‌స్టార్ట్ (ఒడ్డు దగ్గర నిలబడి బోర్డు ఎక్కడం) ముందు చదును నీళ్లలో గట్టిపరచుకోండి. అలల్లో దాన్ని నేర్చుకునే తీరిక దొరకదు.
ఒడ్డున మోకాలి లోతులో ఆగి అలలు చూడండి. పెద్దవి గుంపుగా వస్తాయి, మూడు నాలుగు, ఒక్కోసారి ఆరు. ఆ తర్వాత తెరిపి ఉంటుంది. కనీసం పది నిమిషాలు చూసి ఆ తెరిపి ఎంతసేపో పట్టుకోండి. గుంపులో చివరి అల నురుగు మీ మోకాళ్లు దాటగానే కదలండి. తొడ లోతు రాగానే ఎక్కండి, అంతకన్నా తక్కువలో ఫిన్ ఇసుకలో గుచ్చుకుంటుంది. మీ బోర్డుకి 24 నుంచి 28 సెంటీమీటర్ల ఫిన్ ఉంటుంది కాబట్టి అర మీటరు నీళ్లు తప్పనిసరి. అల వెనక పల్లంలో లోతు ఇంకా తగ్గుతుందని గుర్తుంచుకోండి.
నురుగు తాకే ముందు మోకాళ్లు వంచి, వెనక కాలి మీద బరువు వేసి ముక్కు లేపండి. ముక్కు నురుగు మీదికి ఎక్కగానే బరువు ముందుకి. చేతులు చాచి ఉంచండి, బూమ్‌ని ఒంటికి లాక్కుంటే తన్ని పడేస్తుంది. హార్నెస్ హుక్ వేసుకుని నురుగులోకి పోవద్దు.

తెరచాప
లంగరు గారు చెప్పినదానికి ఒక్క ముక్క. నీళ్లలో పడ్డాక బోర్డుకీ ఒడ్డుకీ మధ్య మీరు ఉండకూడదు. అల వస్తుంటే బోర్డు, రిగ్ మీకన్నా ఒడ్డు వైపు ఉండాలి. 102 లీటర్ల బోర్డుకి నడుమెత్తు నురుగు తోడైతే పక్కటెముకలు మిగలవు. తప్పించుకునే వీలు లేకపోతే మాస్ట్ కొనని గానీ బోర్డు ముక్కుని గానీ పట్టి అలకి ఎదురు పెట్టండి. బోర్డు అడ్డంగా ఉంటేనే అల దాన్ని విసిరేస్తుంది. సెయిల్ అడుగుకి ఇసుక తగిలే లోతులో రిగ్ మునిగితే మాస్ట్ విరిగేది కూడా ఇలాగే.

భీమిలి_బోర్డు
సెయిల్ సైజు కోణాన్ని బట్టి మారుతుందా?

రెక్కలచేప
కొద్దిగా మారుతుంది. 76 కిలోలకి 18 నాట్స్‌లో చదును నీళ్ల మీదైతే 5.7 అంటాం. అలల్లో సైడ్ ఆన్ అయితే అదే 5.7 ఉంచుకోండి. బయటికి పోయేటప్పుడు గాలికి దగ్గరగా పోవాలి, నురుగు ఆపేసిన ప్రతిసారీ మళ్లీ వేగం తెచ్చుకోవాలి, బలం కావాలి. సైడ్‌షోర్‌లో 5.0 కట్టుకున్నా చాలు, తిరిగేటప్పుడు చేతికి తేలిక. 22 నాట్స్ దాటితే ఎలాగూ 5.0, 25 దాటితే మీ దగ్గర సెయిల్ లేదు, ఆ రోజు చూడ్డానికి వెళ్లండి.
నైరుతి గారికి ఇంకో మాట: డౌన్‌హాల్ (సెయిల్‌ని మాస్ట్ వెంట కిందికి బిగించే తాడు) కొంచెం తక్కువ లాగితే అలల్లో సెయిల్ కింది వైపు పొట్ట ఎక్కువై నురుగు తర్వాత తొందరగా లాగుతుంది. కానీ విసుర్లు ఉన్న రోజు అదే సెయిల్ చేతుల్లో బరువవుతుంది. సైడ్‌షోర్‌కి తయారీదారు సెయిల్ సంచి మీద రాసిన కొలతే పెట్టుకోండి.

నైరుతి_పెర్త్
దిగేటప్పుడు ఒడ్డున నిలబడి గాలి దిక్కు సరిగ్గా కనుక్కోవడం ఎలా? అల వచ్చే దిక్కు చూసి చెప్పొచ్చా?

పోటుపాటు
అల చూసి చెప్పకూడదు. పెర్త్‌కి వచ్చే స్వెల్ ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను పుట్టించింది, 12 నుంచి 16 సెకన్లకొకటి వస్తుంది. ఒడ్డు దగ్గర లోతు తగ్గేకొద్దీ వంగి దాదాపు ఒడ్డుకి సమాంతరం అవుతుంది. గాలి ఎటు ఉన్నా అది అంతే. గాలిని చూపించేది ఆ స్వెల్ వీపు మీద కదిలే సన్న ముడతలు. వాటి గీతకి లంబంగా గాలి ఉంటుంది.
కళ్లు మూసుకుని తలని మెల్లగా తిప్పండి. రెండు చెవుల్లో గాలి హోరు సమానంగా వినిపించినప్పుడు ముక్కు ఎటు ఉంటే గాలి అక్కడి నుంచే. అప్పుడు ఒక చేయి గాలి వైపు, ఇంకో చేయి నేరుగా సముద్రం వైపు చాచండి. రెండు చేతుల మధ్య కోణమే మన తేడా. ఎల్ ఆకారం వస్తే సైడ్‌షోర్. ఎల్ కొద్దిగా మూసుకున్నట్టుంటే దిగొచ్చు. సగానికి మూసుకుంటే సైడ్ ఆన్. ఎల్ తెరుచుకుంటే జాగ్రత్త. ఒడ్డున సీగల్ పక్షులు ముక్కు గాలి వైపే పెట్టి నిలబడతాయి, వాటినీ చూడండి. లైఫ్‌సేవింగ్ క్లబ్ జెండా మంచిదే కానీ భవనం చాటున ఉంటే తప్పు చూపిస్తుంది.
ఇంకోటి. కొన్ని యాప్‌లలో బాణం గాలి పోయే వైపు చూపిస్తుంది, పక్కన డిగ్రీలు మాత్రం వచ్చే వైపువి. బాణం వదిలేసి డిగ్రీలే చదవండి.

ఉప్పుగాలి
దారి హక్కు సంగతి ఎవరూ చెప్పలేదు. అలలు విరిగే చోట, బయటికి పోయేవారికి అల మీద వచ్చేవారు దారి ఇవ్వాలి. ఇది అలల్లో ఆనవాయితీ. పెర్త్‌లో బయటికి పోయేవారు పోర్ట్ టాక్ మీద ఉంటారు కాబట్టి నది దగ్గర నేర్చుకున్న స్టార్‌బోర్డ్ నియమంతో (కుడి చేయి ముందున్నవారికి దారి ఇవ్వాలన్నది) ఇది పొసగదు. అలలు దాటాక మళ్లీ స్టార్‌బోర్డ్ నియమమే. ఒకే అల మీద ఇద్దరుంటే ముందు ఎక్కినవారిది. బీచ్‌ని బట్టి పద్ధతి కొంచెం మారుతుంది, దిగేముందు పక్కవాళ్లని అడగండి. ఎరుపు పసుపు జెండాల మధ్య ఈతగాళ్లకి మాత్రమే, అక్కడికి బోర్డు తీసుకెళ్లకూడదు. గాలి దిగువకి కొట్టుకుపోతారు కాబట్టి జెండాలకి ఉత్తరం వైపు నుంచి బయల్దేరితేనే మంచిది.

నైరుతి_పెర్త్
అందరికీ చాలా థాంక్స్. శనివారం ఫోర్‌కాస్ట్ ఇలా ఉంది. ఒంటిగంటకి 225 డిగ్రీలు 15 నాట్స్, మూడింటికి 210, 18 నాట్స్, ఐదింటికి 190, 19 నాట్స్. ఒడ్డున అల 0.7 మీటర్లు. స్కార్‌బరోకి వెళ్లాలా, లాన్సెలిన్‌కి వెళ్లాలా?

తెరచాప
225కి తేడా 35, అప్పుడు దిగొద్దు. 210కి 50, అల చిన్నదే కాబట్టి ఉప్పుగాలి గారి మాట ప్రకారం ప్రయత్నించొచ్చు కానీ మూడింటికల్లా రిగ్ కట్టి, అలలు చూస్తూ ఉండండి. 200 తగలగానే, నాలుగు ప్రాంతంలో దిగండి. సెయిల్ 5.7 కట్టండి, 5.0 సంచిలోంచి తీసి పక్కన పెట్టుకోండి. ఆరున్నరకి బయటికి వచ్చేయండి, చీకట్లో అల కనబడదు.
స్కార్‌బరోలో ఒక ఇబ్బంది ఉంది. ఒడ్డున విరిగే కెరటం నిటారుగా పడుతుంది. పోటు ఎక్కువున్నప్పుడు మరీను. మీరు వెళ్లేసరికి కెరటం నేరుగా ఇసుక మీదే పడుతుంటే అక్కడ వదిలేసి, ఒడ్డు వాలు తక్కువున్న చోటు వెతుక్కోండి.
లాన్సెలిన్ పెర్త్‌కి ఉత్తరంగా 125 కిలోమీటర్ల పైన. అక్కడ బేకి రీఫ్ (నీళ్లలో ఉండే రాతి గట్టు), దీవులు అడ్డం ఉన్నాయి కాబట్టి లోపల నీళ్లు చదునుగా ఉంటాయి, అడుగున ఇసుక. బయట రీఫ్ మీద మాత్రం అల పెద్దది. కొత్తగా వచ్చేవారు బే లోపల ఉండి, రీఫ్ దాటొచ్చి చిన్నబడిన అల మీద ఎక్కడం దిగడం సాధన చేయొచ్చు. ఒడ్డున విరిగే కెరటం బాధ ఉండదు. జైబ్ ఇంకా కుదరలేదన్నారు కాబట్టి నా ఓటు లాన్సెలిన్‌కే.

లంగరు
నా ఓటూ లాన్సెలిన్‌కే. అయితే అక్కడి బే వంపుగా ఉంటుంది, తీరం ముఖం 260 అనుకోవద్దు. మీరు దిగే చోట మ్యాప్ మీద మళ్లీ లంబం గీసి డిగ్రీలు చూసుకోండి. వంపులో 300 మీటర్లు అటు జరిగితే తేడా 20 డిగ్రీలు మారొచ్చు. బేకి దక్షిణం చివర నుంచి బయల్దేరితే జారిపోవడానికి బే అంతా మీ ముందు ఉంటుంది.

నైరుతి_పెర్త్
సరేనండీ, లాన్సెలిన్‌కే వెళ్తాను. మ్యాప్‌లో గీసి చూశాను, నేను అనుకున్న చోట ముఖం 275 వస్తోంది. 190కి తేడా 85, 210కి 65. అంటే మూడింటికే దిగొచ్చన్నమాట?

తెరచాప
దిగొచ్చు. ఐదు తర్వాత 180కి తిరిగితే తేడా 95 అవుతుంది, గాలి కొద్దిగా బయటికి లాగడం మొదలవుతుంది. అప్పుడు బే దాటి పోవద్దు. 175 చూపిస్తే ఒడ్డుకి వచ్చేయండి.